తూటా ఎక్కించుకుని తిరగమనే ముందు

సంపాదకులకు,

పోయిన ఆదివారం అనుబంధంలో అమెరికాలోని తెలుగువాళ్ల ఆత్మరక్షణ గురించి వేసిన వ్యాసం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వ్యాసం మరిచిపోయినవాళ్లకు కూడా అందులో బాక్సు కట్టి, లావుపాటి అక్షరాల్లో వేసిన వాక్యం గుర్తుంటుంది. చాంబర్‌లో తూటా లేకుండా పిస్టల్ పెట్టుకు తిరిగేవాడికీ, కారు గుద్దుకునేటప్పుడు సీటు బెల్టు పెట్టుకోవచ్చులే అనుకునేవాడికీ తేడా లేదట. మిగతా వ్యాసంతో నాకు పెద్ద పేచీ లేదు. గ్యాస్ స్టేషన్లలో, మోటళ్లలో రాత్రి డ్యూటీ చేసే మనవాళ్ల భయం అబద్ధం కాదు. ఆ భయాన్ని ఆసరా చేసుకుని, అంత ధీమాగా, ఆ ఒక్క వాక్యాన్ని జనం మీదికి వదలడమే మింగుడుపడలేదు.

విషయం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పిస్టల్ పిడిలో ఉండే మ్యాగజైన్‌లో తూటాలు నిల్వ ఉంటాయి, అంతే. అందులోంచి ఒకటి పైకెక్కి, గొట్టం మొదట్లో ఉన్న చాంబర్‌లో కూర్చుంటే తప్ప ట్రిగ్గర్ ఎంత నొక్కినా ఏమీ పేలదు. దాన్ని ఎక్కించడానికి పైనున్న స్లైడ్‌ను గట్టిగా వెనక్కి లాగి వదలాలి. ముందే ఎక్కించి పెట్టుకుంటే ఆపద వేళ ట్రిగ్గర్ నొక్కడమే తరువాయి. లేకపోతే ఆ లాగి వదిలే పని ఒకటి మిగిలి ఉంటుంది, దానికి రెండో చెయ్యి కూడా కావాలి. వాదమంతా ఆ ఒక్క కదలిక గురించే.

ఇక ఆ సీటు బెల్టు సంగతి. ఇంత హాయిగా చెలామణీ అయిపోయే తప్పుడు పోలిక మరొకటి ఉండదు. సీటు బెల్టు పాతికేళ్లు పెట్టుకున్నా జరిగే నష్టం చొక్కా నలగడమే. కారు దిగేటప్పుడు దాన్ని ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకోం, మంచం పక్కన బల్ల మీద పెట్టుకుని పడుకోం, బాత్రూం తలుపు కొక్కేనికి తగిలించం. పసివాడు పట్టుకుని లాగితే టక్కున బిగుసుకుంటుంది, అంతే. ఆ పోలిక నిలవాలంటే, బిగించేటప్పుడు వేలు కాస్త పక్కకి పోతే తొడలో దిగబడే బెల్టునీ, ఇంట్లో ఎవరు ముట్టుకున్నా ముట్టుకున్నవాళ్లనో ఎదుటివాళ్లనో పొట్టన పెట్టుకునే బెల్టునీ ఊహించుకోవాలి. అలాంటి బెల్టును ఏ ప్రభుత్వం తప్పనిసరి చేస్తుందో వ్యాసకర్త గారే సెలవివ్వాలి. 2014 డిసెంబరు 30న ఐడహో రాష్ట్రంలోని హేడెన్‌లో ఒక తల్లి పిల్లలతో వాల్‌మార్ట్‌కు వెళ్లింది. వయసు 29. పర్మిట్ ఉంది, తుపాకీ కొత్త కాదు. పిస్టల్ పెట్టుకోవడానికే విడిగా జిప్పు అర కుట్టిన చేతిసంచి ఆమెది. రెండేళ్ల కొడుకు ఆ సంచిలో చెయ్యి పెట్టాడు. తల్లి అక్కడే పోయింది. చాంబర్ ఖాళీగా ఉండి ఉంటే? స్లైడ్ స్ప్రింగు బిగువు పెద్దవాళ్లనే ఇబ్బంది పెడుతుంది, రెండేళ్ల వేళ్లకు లొంగే రకం కాదు. ట్రిగ్గర్ మాత్రం లొంగింది. సంచిలో పెట్టడమే తప్పు, ఒంటి మీదే ఉండాలి అని సమాధానం సిద్ధంగా ఉంటుందని తెలుసు. ఒప్పుకుంటాను. కాకపోతే ఆ జిప్పు అర చాలనే ఆవిడా అనుకుని ఉంటుంది.

హోల్‌స్టర్, అంటే తుపాకీ ఒర, సరైనదైతే, తుపాకీ కొత్త తరానిదైతే తనంతట తాను పేలదని వ్యాసంలో మూడు పేరాలు ఉన్నాయి. తనంతట తాను పేలడం గురించి ఎవరు మాట్లాడారు? గ్లాక్ పిస్టల్‌లో మూడు సేఫ్టీలు ఉన్న మాట నిజం. కింద పడితేనో, కుదుపు తగిలితేనో పేలకుండా అవి ఆపుతాయి, వేలు ట్రిగ్గర్‌ను నిండా నొక్కితే మాత్రం మూడూ మర్యాదగా పక్కకి తప్పుకుంటాయి. వాటి పనే అది. 2008 నవంబరులో న్యూయార్క్ జెయింట్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు ప్లాక్సికో బరెస్ ఒక మన్‌హటన్ నైట్‌క్లబ్‌లో, నడుము దగ్గర దోపుకున్న గ్లాక్ జారిపోతుంటే పట్టుకోబోయి తన తొడలోనే కాల్చుకున్నాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిపించిన బంతిని పట్టింది ఆ చేతులే. అంతకన్నా నమ్మకమైన చేతులు మనలో ఎందరికి ఉన్నాయి? అతనికి హోల్‌స్టర్ లేదు కదా అంటారు. సరే, హోల్‌స్టర్ ఉన్నవాళ్లకు పిస్టల్‌ను తిరిగి అందులోకి దింపేటప్పుడు చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్ దగ్గర ఇరుక్కోవడం కొత్త సంగతేమీ కాదు. శిక్షణ ఇచ్చేవాళ్లు మొదటి రోజే హెచ్చరించేది దాని గురించే. న్యూయార్క్ పోలీసు శాఖ తన గ్లాక్‌లకు ఏళ్ల తరబడి 12 పౌండ్ల బరువైన ట్రిగ్గర్ పెట్టించుకుంది, మామూలు గ్లాక్‌ది అయిదున్నర పౌండ్లే. జీతం తీసుకుని సాధన చేసే పోలీసుల వేలి మీదే వాళ్ల శాఖకు అంత అనుమానం ఉన్నప్పుడు, దుకాణం కట్టేసి ఇంటికొచ్చే మనిషి వేలి మీద మన వ్యాసకర్తకు ఎంత నమ్మకమో! పైగా కొత్త తరం అన్న మాట కూడా అంత గట్టిదేం కాదు. సిగ్ సావర్ వారి పి320 పిస్టల్ కొన్ని కోణాల్లో కింద పడితే పేలుతోందన్న ఆందోళనతో 2017లో డాలస్ పోలీసులు దాని వాడకం ఆపారు, కంపెనీ ఉచితంగా మార్పులు చేసిస్తానని ప్రకటించాల్సి వచ్చింది.

లెక్క చూడండి. పొద్దున పెట్టుకోవడం, కారులో సర్దుకోవడం, మధ్యలో బాత్రూం, రాత్రి తియ్యడం, రోజుకు నాలుగుసార్లయినా చెయ్యి తుపాకీ మీద పడుతుంది. ఏడాదికి 1,460 సార్లు. దొంగ మీదికి తియ్యాల్సిన సందర్భం చాలామందికి జీవితంలో ఒక్కసారి కూడా రాదు. ఒక పక్కన వస్తుందో రాదో తెలియని ఆ ఒక్క క్షణం, మరో పక్కన ఏటా పద్నాలుగొందల పైచిలుకు మామూలు క్షణాలు. వ్యాసం మొదటిదాన్నే తూకం వేసి, రెండోది త్రాసులోనే పెట్టలేదు.

అర సెకను ఆలస్యమూ ప్రాణం తీస్తుందన్నది అసలు అభ్యంతరం, దాన్ని తోసిపుచ్చను. సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెన్నిస్ టూలర్ 1983లో రాసిన లెక్కను వ్యాసం కూడా వాడుకుంది. కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకనులో దాటి మీదపడతాడు. దాన్ని సరిగ్గా చదివితే తేలేది వేరు. చొక్కా కింద దాచిన పిస్టల్‌ను తీసి గురిపెట్టేసరికి, సాధన లేనివాడికి ఆ ఒకటిన్నర సెకను ముందే అయిపోతుంది, తూటా ఎక్కి ఉన్నా లేకపోయినా. అక్కడ కాపాడేది పక్కకి జరగడం, కౌంటరునో కారునో అడ్డం పెట్టుకోవడం. అలా జరిగే కాలంలోనే స్లైడ్ లాగడమూ అయిపోతుంది. రెండో చెయ్యి ఖాళీ లేకపోతే, చంకలో బిడ్డ ఉంటే, ఆ చేతికే గాయమైతే? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అప్పుడు ఖాళీ చాంబర్‌కు నిజంగానే ఖరీదు చెల్లించాల్సి వస్తుంది. ఆ ఖరీదు ఉందని చెప్పి, ఎంచుకోమని పాఠకుడికి వదిలి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. అయితే చంకలో ఉన్న ఆ బిడ్డే మిగతా వేళంతా అదే ఇంట్లో, అదే తుపాకీ చుట్టూ తిరుగుతూ ఉంటుందని కూడా చెప్పాలిగా.

ఇక ఖాళీ చాంబర్ పిరికివాళ్ల అలవాటు అన్న ఎత్తిపొడుపు. 1920లు, 30లలో షాంఘై మునిసిపల్ పోలీసులకు కాల్పులు నేర్పిన ఫెయిర్‌బెయిర్న్ పిరికివాడా? నేరాలకు పేరుమోసిన ఆ ఊళ్లో తన పోలీసుల కోల్ట్ పిస్టళ్ల సేఫ్టీలను పనిచెయ్యకుండా బిగించేసి, చాంబర్ ఖాళీగా ఉంచి, బయటికి తీస్తూనే స్లైడ్ లాగడం నేర్పాడు. తన సహచరుడు సైక్స్‌తో కలిసి 1942లో పుస్తకమూ రాశాడు. ఇజ్రాయెల్ తొలి రోజుల్లో అక్కడి సైనికుల చేతుల్లో దేశదేశాల పాత పిస్టళ్లు, ఒక్కోదానికి సేఫ్టీ ఒక్కోచోట. అందరికీ ఒకే పద్ధతి కావాలంటే చాంబర్ ఖాళీగా ఉంచడమే దారి అయింది. ఆ కాలపు తుపాకులు వేరు అనవచ్చు, అందులో న్యాయం ఉంది. వేలు మాత్రం ఆ కాలపుదే. వ్యాసకర్త పదేపదే తలుచుకున్న అమెరికా పిస్టల్ శిక్షకుడు జెఫ్ కూపర్ తూటా ఎక్కించుకోమన్నది నిజమే. ఆయన 1976లో అరిజోనాలో దానికోసం బడి కూడా పెట్టాడని రాయడం మరిచారు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండిన, చట్టం అడ్డులేని వాళ్లు పర్మిట్ లేకుండానే పిస్టల్ పెట్టుకు తిరగొచ్చు. బడి మాట దేవుడెరుగు, ఒక పూట క్లాసు కూడా అక్కర్లేదు. మీ వ్యాసం చదివి శుక్రవారం కొని, శనివారం తూటా ఎక్కించేవాడికి కూపర్ చెప్పినదాంట్లో సగమే అందుతుంది. ఒంటి మీంచి తియ్యని, నెలనెలా సాధన చేసే మనిషి ఎక్కించుకుంటే నాకు అభ్యంతరం లేదు. మీరు రాసింది అతని కోసం కాదు.

ఇంకో సంగతి, ఎన్నాళ్లుగానో నోటి చివర ఉంది. పొరపాటున తుపాకీ పేలిన ప్రతిసారీ 'మిస్‌ఫైర్' అని శీర్షిక పెడతారెందుకు? ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే అది మిస్‌ఫైర్. 2024 అక్టోబరు 1న ముంబయిలో నటుడు గోవింద కాలికి ఆయన రివాల్వర్ తూటాయే తగిలినప్పుడూ మిస్‌ఫైరే, కానిస్టేబుల్ చేతిలో పేలినా మిస్‌ఫైరే. పేలినదాన్ని పేలలేదని చెప్పే ఈ మాటలో మనిషి వేలు మాయమైపోతుంది, తప్పంతా ఇనుముది అవుతుంది. 2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా పేలి ప్రాణం పోయిన వార్త మనందరం చదివాం. మ్యాగజైన్ తీసేస్తే ఖాళీ అయినట్టేనని నమ్మేవాళ్లు చాలామంది, చాంబర్‌లో మిగిలే ఆ ఒక్క తూటా సంగతి మీ పాఠకులకు ఇంతవరకు ఒక్క వార్తయినా చెప్పిందా? ఎప్పుడూ ఖాళీగా ఉంచే అలవాటున్న చాంబర్‌లో ఆ ఒక్కటీ మిగిలే అవకాశం బాగా తక్కువ. నేనింత సేపు చెప్తున్నదీ అదే.

సవరణ వెయ్యమని అడుగుతున్నాను, రెండు విషయాలకు. హెచ్-1బి వీసా మీదో, ఎఫ్-1 వీసా మీదో ఉన్నవాళ్లు, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే అమెరికాలో ఫెడరల్ నేరం. 'మనవాళ్లు' అని మీరు పిలిచినవాళ్లలో ఎందరో ఆ వీసాల మీదే ఉన్నారు. చాంబర్ సంగతి తర్వాత, ముందు ఈ ముక్కను అదే పేజీలో, అదే లావు అక్షరాల్లో, బాక్సు కట్టి వెయ్యండి. రెండోది, వ్యాసం పక్కన వేసిన బొమ్మ. స్లైడ్ లాగే ఆ అర సెకను గురించి పేజీ నిండా రాసి, బొమ్మ మాత్రం రివాల్వర్‌ది వేశారు. దానికి స్లైడే ఉండదు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
ఇర్వింగ్, టెక్సస్