కర్ర మరకు తొందర పనికిరాదు

పాత స్నూకర్ క్యూ ఒకటి మీ చేతికొచ్చిందా? మధ్యలో విప్పి చూడండి. ఇప్పటి క్యూలకు అక్కడ ఎక్కువగా ఇత్తడి మర ఉంటుంది. కొన్ని పాతవాటికి మాత్రం కర్రలోనే చెక్కిన మర! దాని ప్రాణమంతా అక్కడే.

వానాకాలంలో తలుపు బిగుసుకున్నట్టే ఈ మర కూడా తేమకు ఉబ్బుతుంది. మా నాన్న క్యూను ఓ జులైలో బలవంతంగా తిప్పాను. సన్నగా బీట వారింది. ఆయనేమీ అనలేదు, అదే బాధ.

మీరు ఆ తప్పు చేయకండి. పట్టేస్తే ఆపేయండి. గాలి ఆడే పొడిచోట నాలుగు రోజులుంచి మళ్లీ చూడండి. ఎండలోనో, కారులోనో పెడితే కర్ర వంకరపోతుంది. మరకు కాస్త కొవ్వొత్తి మైనం రాస్తే సాఫీగా తిరుగుతుంది. ఆట అయ్యాక విప్పి, పొడిగుడ్డతో తుడిచి దాచండి.

ఇంత చాకిరీ ఎందుకు, కొత్తది కొనుక్కోవచ్చుగా అంటారా? స్టీఫెన్ హెండ్రీ ఏడు ప్రపంచ టైటిళ్లూ ఒకే క్యూతో గెలిచాడు. 2003లో విమాన ప్రయాణంలో అది విరిగింది. కొత్త క్యూ వచ్చింది కానీ, ఎనిమిదో టైటిల్ రాలేదు. కారణం అదొక్కటే అనలేం. కానీ చేతికి అలవాటైన కర్ర మాత్రం ఏ దుకాణంలోనూ దొరకదు.