గద్దమీద నింద

దోపిడిదారును గద్ద అనటం మన అభ్యుదయ సాహిత్యంలో ఒక ఆచారమయింది. భూస్వామి గద్ద, వడ్డీవ్యాపారి డేగ, కరువుకాలంలో ధాన్యం దాచిన వర్తకుడు రాబందు. ఈ మాట సభలో చదివితే చప్పట్లు పడతాయి. పత్రికలో అచ్చయితే కవికి వర్గదృష్టి ఉన్నదని మెచ్చుకుంటారు. ఇది కవిసమయం కదా, దీనిలో నిజానిజాలు వెతకట మెందుకని ఎవరైనా అడగవచ్చు. కవిసమయాలన్నీ ఒకటి కావు. చకోరం వెన్నెల తాగుతుందనటంవల్ల చకోరానికి వచ్చిన నష్టం లేదు. గద్ద దొంగ అనటంవల్ల గద్దకు నష్టమున్నది. అంతకుమించి అసలు దొంగకు లాభమున్నది. ఆ లాభం ఎంతటిదో తెలుసుకోవాలంటే బ్రిటన్‌లోని వేటభూముల చరిత్రను ఒకసారి తిరగవేయాలి.

ఉత్తర ఇంగ్లండులోను స్కాట్లండులోను మూర్లు అనే కొండబయళ్ళు ఉన్నాయి. వాటినిండా హెదర్ అనే పొట్టిపొద పెరుగుతుంది. ఆ చిగుళ్ళు తిని బతికే కోడిజాతి పక్షి ఎర్ర గ్రౌస్. ఏటా ఆగస్టు 12న దాని వేట మొదలవుతుంది. డిసెంబరు 10న ముగుస్తుంది. ఇది ఆకలికి చేసే వేట కాదు. కూలివాళ్ళు వరసలు కట్టి జెండాలూపుతూ పక్షులను లేపి తోలుకువస్తారు. చాటుగోడల వెనుక నిలబడిన శ్రీమంతులు కాలుస్తారు. ఇందుకు చెల్లించే రుసుము కూలిన పక్షుల జతలెక్కన. ఆ భూమి వెలను కట్టేదికూడా ఏటా ఎన్ని జతలు కూలుతాయన్న లెక్కమీదనే. అంటే గ్రౌస్ అక్కడ పక్షి కాదు, రెక్కలున్న కౌలు. ఆ కౌలు ఎవరికి ముడుతుందో కూడా చెప్పుకోవాలి. స్కాట్లండు గ్రామసీమల్లో ప్రైవేటు ఆస్తిగా ఉన్న భూమిలో సగం 432 మంది యజమానుల చేతిలో ఉన్నదని 2014లో అక్కడి భూసంస్కరణ సమీక్షాసంఘం తన నివేదికలో ఉదహరించింది.

ఆ బయళ్ళలోనే నేలమీద గూడుపెట్టుకునే గద్ద ఒకటున్నది. మన పిల్లిగద్దల కుటుంబానికి చెందినదే. దాని దాయాదులు శీతకాలంలో కర్నూలు సీమలోని రోళ్ళపాడు గడ్డిబీళ్ళకు వచ్చి, రాత్రిళ్ళు నేలమీదనే గుంపుగా నిద్రిస్తాయి. బ్రిటన్‌లోని ఈ గద్దకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు హెన్ హారియర్. అంటే కోళ్ళను పీడించేది. ఆ పేరే ఒక అభియోగపత్రం. విచారణకు ముందే తీర్పు చెప్పి, ఆ తీర్పునే నామకరణం చేశారు.

శిక్షకూడా వెంటనే అమలయింది. 19వ శతాబ్దంలో రైలుమార్గాలు, వెనుకనుంచి గుండు దట్టించే తుపాకులు వచ్చి గ్రౌస్ వేట పెద్దవ్యాపారమయిన కొద్దీ, వేటభూముల కావలివాళ్ళు ఈ పక్షిని వెతికి వెతికి చంపారు. 1900 నాటికి బ్రిటన్ ప్రధానభూమిమీద ఇది నశించి, ఆర్క్‌నీ వంటి దీవులలో మాత్రమే మిగిలింది. మళ్ళీ ఎప్పుడు తిరిగివచ్చింది? రెండవ ప్రపంచయుద్ధంలో కావలివాళ్ళు తుపాకులతో సైన్యానికి తరలిపోయినప్పుడు. మనుషులు మనుషులను చంపుకోవటానికి పోతేగాని గద్దకు ఊపిరి దొరకలేదు!

1954లో చట్టం వచ్చింది. ఈ గద్దను చంపటం నేరమయింది. ఆ చట్టం పుట్టి ఏడు దశాబ్దాలు దాటింది. ఫలితమేమిటి? 2013లో ఇంగ్లండు మొత్తంమీద ఒక్క గూటినుంచికూడా ఒక్క పిల్ల ఎగరలేదు. ఉపగ్రహానికి జాడ తెలిపే పరికరాలను వీపున కట్టి వదలిన 58 పక్షుల గతిని పరిశీలించి, వాటిలో 72 శాతం చట్టవిరుద్ధంగా చంపబడ్డాయని, లేదా చంపబడి ఉండటానికే ఎక్కువ అవకాశమున్నదని 2019లో ప్రకటించిన ఒక శాస్త్రపత్రం తేల్చింది. వేటభూమి మీదికి వచ్చినంతనే పరికరం మూగబోతుంది, కళేబరం దొరకదు, సాక్షి ఉండడు. వందల ఎకరాల నిర్జనభూమి, ఆ భూమిలో అడుగుపెట్టిన ప్రతివాణ్ణీ కనిపెట్టి చూచే యజమాని నౌకరు, నేరానికి ఇంతకన్న మంచి చాటు ఏం కావాలి? తుపాకి ఒక సాధనం. బోను ఒక సాధనం. విషం ఒక సాధనం. మన వరిరైతులు గుళికలమందుగా ఎరిగిన కార్బోఫ్యురాన్‌ను బ్రిటన్‌లో 2001లో నిషేధించారు. ఆ తరువాతకూడా గద్దలకు పెట్టిన ఎరలలో అది దొరుకుతూనే వచ్చింది.

ఇంతకూ గద్ద నేరం చేసిందా, లేదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన చోటు స్కాట్లండు దక్షిణ సరిహద్దులోని లాంగ్‌హోమ్. అది ఉన్నిమిల్లులకు పేరుపడిన చిన్న పట్టణం. కమ్యూనిస్టు కవి హ్యూ మక్‌డయార్మిడ్ 1892లో పుట్టింది అక్కడే. 1978లో ఆయనను పాతిపెట్టింది అక్కడే. ఆ పట్టణాన్ని ఆనుకొన్న కొండబయలు బక్‌లూ డ్యూకుల ఆస్తి. ఈ గద్దలను ఎవరూ చంపకుండా ఉంటే ఏమవుతుందో తెలుసుకోవటానికి 1992 నుంచి 1997 వరకు అక్కడ ఒక పరిశీలన జరిగింది. గూళ్ళుపెట్టే ఆడగద్దలు 2 నుంచి 20కి పెరిగాయి. గ్రౌస్ వేట గిట్టక ఆగిపోయింది. గద్దలు గ్రౌస్ పిల్లలను తిన్నమాట నిజం. ఆ నిజాన్ని దాచవలసిన అగత్యం మనకు లేదు.

భూస్వాములు ఈ ఒక్క ముక్క పట్టుకొని ఊరేగారు. అదే పరిశీలనలో మరికొన్ని పుటలున్నాయి. లాంగ్‌హోమ్‌లో వేటకు కూలే గ్రౌస్ సంఖ్య 1913 నాటినుంచే తగ్గుతూ వచ్చింది. గద్ద కనుచూపుమేరలో లేని రోజులవి! 1948కి 1988కి నడుమ ఆ బయలుమీది హెదర్‌లో 48 శాతం గొర్రెల మితిమీరిన మేతవల్ల పోయింది. హెదర్ పోయినచోట గడ్డి మొలిచింది. గడ్డిలో ఎలుకజాతి జంతువులు, చిన్నపిట్టలు పెరిగాయి. వాటికోసం గద్దలు చేరాయి. గ్రౌస్‌కు నిలువనీడ లేకుండా చేసింది భూమిని వాడుకున్న తీరు. నేరం మోసింది గద్ద. గూళ్ళదగ్గర చచ్చిన ఎలుకలు, కోడిపిల్లలు వేస్తే గద్దలు గ్రౌస్ పిల్లలజోలికి పోవటం చాలా తగ్గిందని తరువాతి ప్రయోగాలు రుజువుచేశాయి. అయినా ఆ మార్గం పట్టిన వేటభూముల యజమానులు బహుకొద్దిమంది. తూటా చౌక కదా!

చివరకు జరిగిందేమిటి? ఆ పట్టణప్రజలు సంఘంగా ఏర్పడి, చందాలు కూడగట్టి, 2021లో 5,200 ఎకరాలు, 2022లో మరి 5,300 ఎకరాలు డ్యూకు ఎస్టేటునుంచి కొన్నారు. ఇప్పుడది టారస్ లోయ ప్రకృతిరక్షితం. గద్ద మనుగడ భూమి ప్రశ్న అని నేనంటున్నది ఇందుకే. భూమి చేతులు మారనంతకాలం చట్టం కాగితంమీద ఉన్నది. భూమి చేతులు మారినచోట గద్దకు గూడు దొరికింది.

“వేట ఆగిపోతే కావలివాళ్ళ బతుకేమిటి?” అని వేటభూముల పక్షాన వాదించేవారు శ్రామికజనంమీద అకస్మాత్తుగా దయ కురిపిస్తారు. కావలివాడు కూలివాడే. అతడుండే ఇల్లుకూడా సాధారణంగా యజమానిదే. కొలువు పోతే కప్పు పోతుంది. ఇటువంటివాడు ఎవరి లాభంకోసం తుపాకి ఎత్తుతాడో వేరే చెప్పాలా? నౌకరు చేసిన నేరానికి యజమానిని బాధ్యుణ్ణిచేసే చట్టం స్కాట్లండులో 2012లో అమలులోకి వచ్చింది. దాని కింద మొట్టమొదట శిక్షపడిన భూయజమానికి 2014 డిసెంబరులో విధించింది 675 పౌన్ల జరిమానా. మరుసటినెలలో, వేరొక కేసులో, డేగను చంపిన కావలివానికి నాలుగునెలల జైలు. తుపాకి పట్టినవానికి కటకటాలు, భూమి పట్టినవానికి చిల్లర ఖర్చు. 2024లో స్కాట్లండు పార్లమెంటు గ్రౌస్ వేటకు లైసెన్సు తప్పనిసరి చేసింది; ఆ భూమిమీద గద్దలపట్ల నేరం జరిగినట్లు తేలితే ఆ లైసెన్సును నిలిపివేయవచ్చు. నౌకరు మెడ దాటి యజమాని ఆదాయానికి చేయి చాచిన చట్టం గనుకనే దానిపై అంత గగ్గోలు.

ఇక మన ఉపమానం సంగతి. గద్ద కోడిపిల్లను తన్నుకుపోయేది ఆకలికి. కడుపు నిండితే కొమ్మమీద కూర్చుంటుంది. వడ్డీ కట్టదు. దోపిడికి ఈ హద్దు లేదు. ఉపమేయానికి ఉపమానానికి సాధర్మ్యం ఉండాలన్నది ఆలంకారికుల మొదటి పాఠం. ఇక్కడ ఉన్నది సాధర్మ్యం కాదు. దోపిడిని గద్దతో పోల్చిన మరుక్షణం అది ప్రకృతిధర్మమై కూర్చుంటుంది. గద్ద మాంసం తినటం మానదు. కనుక భూస్వామి దోచటం మానడు అన్న ఊహ పాఠకుని మనస్సులో నాటుకుంటుంది. మార్చగలిగిన దానిని మార్చరానిదిగా చూపటమే దోపిడివర్గం తరతరాలుగా చేస్తున్న పని. ఆ పని మన కవులు ఉచితంగా చేసిపెడుతున్నారు! మనకన్న మన పురాణకర్తలే నయం. సీతను ఎత్తుకుపోయే రావణునికి అడ్డుపడి రెక్కలు పోగొట్టుకున్న జటాయువు గద్దకులంలోనిదే.

“మనుషులే పురుగుల్లా చస్తుంటే పక్షుల గోల మనకెందుకు?” అన్న ఆక్షేపణ మిగిలింది. దానికి జవాబు మన రాబందే చెపుతుంది. మన దేశంలో తెల్లవీపు రాబందులు 1992కి 2007కి నడుమ వెయ్యింటికి ఒక్కటి మిగిలేటట్లు నశించాయి. పశువులకు నొప్పిమందుగా పొడిచిన డైక్లోఫినాక్ కళేబరాలద్వారా వాటి మూత్రపిండాలను చంపిందని 2004లో లోకానికి తెలిసింది. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందును నిషేధించింది. హాని చేయని మెలాక్సికామ్ అనే మందున్నది. అయినా మనుషులకని తయారైన పెద్ద సీసాలు పశువులకే పోయాయి. 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించవలసివచ్చింది. రాబందులు పోయిన జిల్లాలలో కళేబరాలు కుళ్ళి, నీళ్ళు చెడి, కుక్కలు పెరిగి, 2000–2005 సంవత్సరాల మధ్య సుమారు 5 లక్షలమంది అదనంగా మరణించారని 2024లో ఆర్థికశాస్త్రజ్ఞులు అంచనా కట్టారు. చచ్చినవారు ఎవరై ఉంటారు? వాగునీళ్ళు తాగేవారు, కుక్క కరిస్తే సూదిమందుకు పట్నం పోలేనివారు. రాబందు శవాలను పీక్కుతింటుందని మనం కవిత్వం రాస్తున్నప్పుడు, ఆ శవాలను తినే రాబందు లేక ఊళ్ళు శవాలయ్యాయి.

కనుక అభ్యుదయ రచయిత చేయవలసిన పనులు రెండున్నాయి. దోపిడిదారును దోపిడిదారనే పిలవాలి. అతనికి పేరున్నది, పట్టా ఉన్నది, ఖాతా ఉన్నది. పక్షిముసుగు తొడిగి అతన్ని దాచవలసిన పని లేదు. రెండవది, 1972 నాటి మన వన్యప్రాణిచట్టమూ 2006 నాటి నిషేధమూ మన ఊరి మందులదుకాణంలో, మన ఊరి పొలంగట్టున అమలవుతున్నవా అని అడగాలి. నిషేధించిన మందు అమ్మినవాణ్ణి నిలదీయాలి. కుక్కకో నక్కకో అని కళేబరంలో గుళికలు కలిపేవాణ్ణి వారించాలి. లాంగ్‌హోమ్ ప్రజలు చేసింది ఇంతకన్న కష్టమైన పని.