మేడ నిలిస్తే చాలునా?

అమీర్‌పేటలో మెట్రో రైలెక్కి ఖైరతాబాదు వైపు పోయే విద్యార్థికి పంజగుట్ట దాటగానే ఎర్రమంజిల్ స్టేషను వస్తుంది. ఎర్రమట్టి గుట్ట గనుక ఆ పేరు వచ్చినదని అతడు అనుకొనుట సహజము. ఆ ఊహ పూర్తిగా తప్పు కాదు. ఫార్సీలో ‘ఇరం’ అనగా స్వర్గమును పోలిన ఉద్యానము. తెలుగువారి నోట ఆ గుట్ట ఎర్రగుట్ట. నవాబు ఫఖ్రుల్ ముల్క్ రెండు భాషలకూ చెల్లునట్లు తన మేడకు పేరు పెట్టినాడని చెప్పుకొంటారు. శ్లేషకు ఇంత చక్కని ఉదాహరణ పాఠ్యపుస్తకాలలో సైతం అరుదు.

1900 ప్రాంతమున పూర్తియైన ఆ భవనములో 150కి పైగా గదులు ఉన్నవి. నవాబుల కాలము గడచిన పిమ్మట అది ప్రభుత్వ కార్యాలయమై, దస్త్రాల బరువు మోసినది. 2019 జూన్‌లో దానిని కూల్చి కొత్త శాసనసభా భవనము కట్టుటకు శంకుస్థాపన జరిగినది. పౌరులు న్యాయస్థానమునకు ఎక్కినారు. అదే యేడు సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయమును కొట్టివేసినది. మేడ బ్రతికినది. అయితే కూల్చకుండా ఆపుట ఒక ఎత్తు, బాగుచేసి నిలుపుట మరొక ఎత్తు. ఈ రెండవ దానిని మరచిన యెడల ఏమగునో తెలియవలెనంటే అదే రైలులో మరి మూడు స్టేషన్లు పోయి, అసెంబ్లీ వద్ద దిగవలెను.

అచ్చట నౌబత్ పహాడ్ దాపున హిల్ ఫోర్ట్ ప్యాలెస్ ఉన్నది. పాతతరము వారికి అది రిట్జ్ హోటలు. 1915లో దానిని కట్టించినవాడు నిజామత్ జంగ్. వృత్తిచేత న్యాయమూర్తి, ప్రవృత్తిచేత ఆంగ్లమున సానెట్లు వ్రాసిన కవి. కేంబ్రిడ్జిలో తాను చదివిన ట్రినిటీ కళాశాల పోలికలు ఆ బురుజులకు తెచ్చుకొన్నాడు. తరువాత ఆ ఇంట నివసించినవాడు ఏడవ నిజాము రెండవ కుమారుడు, మొజంజాహి మార్కెట్టుకు పేరిచ్చిన రాకుమారుడు. ఆయన ఉర్దూ కవి. ఒకే ఇంటికి వరుసగా ఇద్దరు కవులు యజమానులగుట ఏ నగరములోనైనా వింతయే. 1950లలో అది హోటలైనది. ఆ శతాబ్ది చివరకు మూతబడినది. మళ్లీ హోటలుగా తీర్చవలెనన్న ప్రయత్నము వివాదములో చిక్కినది. ఆ మేడ కొరకు కూడ హైకోర్టు తలుపు తట్టవలసి వచ్చినది.

మూతబడిన మేడ ఎందుకు పాడగునో మేస్త్రీలనడిగితే చెబుతారు. అది డంగు సున్నపు కట్టడము. సున్నము ఊపిరి పీల్చు వస్తువు. తేమను తీసికొని మళ్లీ విడుస్తుంది. ఏటేటా తూములు శుభ్రపరచి, పగుళ్లు పూడ్చవలెను. హోటలు నడచునంతకాలము అతిథి కొరకైనా ఆ పని జరుగును. తాళము పడిన తొలి వానకారులోనే తూము పూడును, నీరు కప్పు మీద నిలుచును, పిట్ట వేసిన రావి గింజ గోడలో మొలచును. అప్పుడు ఎవరో వచ్చి సిమెంటుతో మాటు వేస్తారు. సిమెంటు లోపలి తేమను బయటకు పోనీయదు. గోడ లోలోపల చివుకును. వైద్యము కంటె రోగమే మేలనిపించును.

ఫలక్‌నుమా సంగతి వేరు గదా అనవచ్చును. నిజమే. పదేండ్ల మరమ్మతుల పిమ్మట 2010లో ఆ మేడ హోటలుగా తెరచుకొన్నది. నూటొక్కరు కూర్చుండు భోజనపు బల్ల మళ్లీ నిగనిగలాడినది. పనితనమునకు వంక పెట్టలేము. కాని ఒక పాఠశాల ఉపాధ్యాయుడు తన తరగతిని వెంటబెట్టుకొని ఆ గుట్ట ఎక్కుట ఎంతటి మాట! హిల్ ఫోర్ట్ ప్రజల సొత్తు. దానిని మళ్లీ హోటలుగా నడిపినా మంచిదే. సంపాదన లేని మేడకు సున్నము ఎవరు వేస్తారు? అయితే ఒప్పందము వ్రాసుకొనునాడే ఒక హాలును, వారమున ఒక సాయంకాలమును విద్యార్థులకు, కవిసమ్మేళనములకు విడిచిపెట్టవలెనని షరతు చేర్చుట అవసరము. ఎర్రమంజిల్ విషయమునను అంతే. ఉపాధ్యాయ సంఘములు ఈ కోరికను కాగితము మీద పెట్టి పర్యాటక శాఖకు పంపవచ్చును. హిల్ ఫోర్ట్ పాత యజమానులిద్దరూ కవులే గనుక, వారి తరఫున అభ్యంతరము ఉండబోదు.