నాలుగు డాలర్ల పాతిక సెంట్లు

పోయిన ఏడాది ఒక కాలేజీలో స్త్రీ అధ్యయనాల సదస్సుకి వెళ్ళాను. ఒకమ్మాయి అమెరికన్ గాయని ఆని డిఫ్రాంకో మీద పత్రం చదివింది. చాలా శ్రద్ధగా తయారుచేసుకొచ్చింది. తెర మీద మొదటి బొమ్మలో గుండు, చేతిలో గిటారు ఉన్న ఇరవయ్యేళ్ళ పిల్ల. రెండో బొమ్మ నుంచి చివరిదాకా అన్నీ లెక్కలే. కంపెనీల్ని కాదని సొంత కంపెనీ పెట్టడం, ఒక్కో ఆల్బమ్ మీద మిగులు, పెద్ద కంపెనీ గాయకులకి వచ్చేదానితో పోలిక. 'విజయవంతమైన మహిళా పారిశ్రామికవేత్త' అన్న మాటతో ముగించింది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. అరగంట సేపట్లో ఆమె పాటల గురించి ఒక్క మాట కూడా రాలేదన్న సంగతి తిరిగొస్తూ బస్సులో కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు.

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఇరవై ఏళ్ళ కిందట నేనే ఒక పత్రికలో ఆని గురించి ఇలాంటి వ్యాసమే రాశాను. డాలర్లని రూపాయల్లోకి మార్చి మరీ రాశాను. 'చూశారా, మగవాళ్ళ కంపెనీలు లేకుండానే ఎంత సంపాదించిందో' అన్న గర్వం ఆ వ్యాసమంతా పొంగిపొర్లుతూ ఉంటుంది. ఇప్పుడు తీసి చదువుకుంటే సిగ్గేస్తోంది.

సిగ్గెందుకంటే, అంతకు చాలా ముందే, 1997లోనే, ఆని ఈ పొగడ్తని తిప్పికొట్టింది. తిప్పికొట్టింది కూడా ఏ వ్యాపార పత్రికకో కాదు, సాక్షాత్తూ 'మిజ్' పత్రికకి. గ్లోరియా స్టైనెమ్ వాళ్ళు మొదలుపెట్టిన, మనలో చాలామంది జిరాక్సులు తీసుకుని చదువుకున్న ఆ స్త్రీవాద పత్రిక, ఇరవై ఒకటో శతాబ్దానికి ఇరవై ఒక్కమంది స్త్రీవాదులని ఒక జాబితా వేసి అందులో ఆనిని చేర్చింది. చేర్చి ఏం చెప్పింది? హూటీ అండ్ ది బ్లోఫిష్ అనే బృందానికి ఆల్బమ్‌కి డాలరు పాతిక సెంట్లు వస్తుంటే, ఈమెకి నాలుగు డాలర్ల పాతిక సెంట్లు వస్తోందని. ఆని బహిరంగ లేఖ రాసింది. వ్యాపార పేజీల వాళ్ళు నన్నిలా లెక్కగట్టడం నాకు తెలుసు, మీరు కూడానా అన్నది ఆ లేఖ సారాంశం. తను చచ్చిపోయాక సమాధి రాయి మీద కంపెనీ అధిపతి అని చెక్కకండి, పాటలు కట్టిన మనిషి అని చెక్కండి అని కోరింది. కోపంగా రాయలేదు. నవ్వుతూ, నొచ్చుకుంటూ రాసింది. మనవాళ్ళు మనల్ని అర్థం చేసుకోకపోతే రాసేటట్టు.

ఇంతకీ ఆమె వదిలేసిందేమిటి, పట్టుకున్నదేమిటి? ఆని 1970లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో పుట్టింది. ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతబడుతున్న ఊరు అది. తొమ్మిదేళ్ళకే గిటారు పట్టుకుని బార్లలో పాడింది. పదిహేనేళ్ళకే చట్టప్రకారం తల్లిదండ్రుల సంరక్షణ నుంచి విడివడి సొంతంగా బతికింది. కచేరీ అయ్యాక 'మీ పాటలు ఇంటికి తీసుకెళ్ళాలి, క్యాసెట్ ఉందా' అని జనం అడుగుతుంటే క్యాసెట్ చేసుకుంది. 1990లో మొదటి ఆల్బమ్‌ని తనే తెచ్చుకుంది. రైచస్ బేబ్ రికార్డ్స్ పుట్టింది అలాగ. ఊరూరా కారులో తిరిగి, పాడి, పాడిన చోటే క్యాసెట్లు అమ్ముకుంది. పెద్ద కంపెనీలు వెంటబడితే వద్దంది.

ఆ మొదటి ఆల్బమ్‌లో 'లాస్ట్ ఉమన్ సాంగ్' అని ఒక పాట ఉంది. గర్భస్రావం చేయించుకోడానికి క్లినిక్‌కి వెళ్ళిన ఒక అమ్మాయి పాట. బయట అడ్డం నిలబడి అరిచే జనాన్ని దాటుకుని లోపలికి వెళ్ళడం అందులో ఉంటుంది. నల్లజాతి కవయిత్రి లూసిల్ క్లిఫ్టన్‌కి అంకితమిచ్చిన పాట. ఇరవయ్యేళ్ళ పిల్ల, ఎవరూ పేరు కూడా వినని పిల్ల, మొట్టమొదటి ఆల్బమ్‌లో ఈ పాట పెట్టుకుంది. ఆ పక్కన ఇంకో గొంతు, 'ఇది తీసేయ్, రేడియోలో వెయ్యరు, తర్వాత చూద్దాం' అని చెప్పడానికి ఎవరూ లేరు. స్వతంత్రం అంటే అసలు అది. ఆల్బమ్‌కి నాలుగు డాలర్లా నలభై డాలర్లా అన్నది తర్వాతి సంగతి. 2022లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కుకున్న రాజ్యాంగ రక్షణని తీసిపారేసినప్పుడు ఆ పాటకి ముప్పై రెండేళ్ళు. పాట పాతబడలేదు. పాతబడివుంటే బాగుండేది.

మనం మాట్లాడాల్సిన పాట పక్కనే ఉంటే మనం పట్టిక ఎందుకు గీశాం? నాకు తోచిన జవాబు చెప్తాను. స్త్రీ చేసిన పనికి విలువ కట్టడానికి మనకి ఇంకా మన సొంత కొలబద్ద లేదు. మగవాళ్ళ కొలబద్ద తెచ్చుకుని, 'దీంతో కొలిచినా మావాళ్ళు తక్కువేం కాదు' అని నిరూపించుకుంటున్నాం. 'ఆవిడ పుస్తకం నాలుగు ముద్రణలు పడింది' అని పరిచయం చేస్తాం, అందులో ఏముందో చెప్పకుండా. నా మొదటి కథల పుస్తకం నేనే వేసుకున్నాను. డీటీపీకి, కాగితానికి, బైండింగ్‌కి గాజులు తాకట్టు పెట్టాను. అయిదువందల కాపీలు. ఆవిష్కరణ సభలో ఒక పెద్దాయన లేచి 'మీవారు ఎంత ఉదారంగా డబ్బు పెట్టారమ్మా' అన్నాడు. ఆయన్ని మనం తేలిగ్గానే గుర్తుపడతాం. సభ అయ్యాక ఒక స్త్రీవాద మిత్రురాలు పక్కకి పిలిచి 'ఎన్ని అమ్మావు, పెట్టిన డబ్బు వచ్చిందా?' అని అడిగింది. కథలు చదివావా అని నేనడగలేదు. ఆమె చెప్పనూ లేదు. ఆ రెండు ప్రశ్నలకీ పెద్ద తేడా లేదని గ్రహించడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

డబ్బు మాట ఎత్తకూడదని కాదు నేననేది. డబ్బు మాట ఎత్తకపోవడం కూడా మనల్ని దోచుకునే పద్ధతే. కళకి డబ్బేమిటని కవయిత్రితో ఉచితంగా రాయించుకునే పత్రికలు, గాయనికి శాలువా కప్పి ఆటో డబ్బులు కూడా ఇవ్వని సంఘాలు మనకి కొత్త కాదు. కానీ ఆని డబ్బు ఎటు పోయిందన్నది చూశామా? కంపెనీని న్యూయార్క్ నగరానికో లాస్ ఏంజెలెస్‌కో ఎత్తుకుపోకుండా బఫెలోలోనే ఉంచింది. కూలగొట్టబోతున్న ఒక పాత మెథడిస్ట్ చర్చిని కొని, బాగుచేసి, 2006లో కచేరీ హాలుగా, కళాకారుల చోటుగా తెరిచింది. అనాయిస్ మిచెల్ అనే ఇంకో పాటగత్తె గ్రీకు పురాణగాథని పాటలుగా కట్టి తెస్తే 2010లో 'హేడ్స్‌టౌన్' ఆల్బమ్‌గా వేసింది, అందులో పెర్సెఫొనీగా తనే పాడింది. ఆ పాటలు 2019లో బ్రాడ్‌వే రంగస్థలం ఎక్కి ఆ ఏటి ఉత్తమ మ్యూజికల్‌గా టోనీ బహుమతి తెచ్చుకున్నాయి. 2024లో ఆని అదే పాత్ర వేసుకుని అదే రంగస్థలం మీద నిలబడింది. ఒక స్త్రీ చేతిలో ముద్రణ యంత్రం ఉంటే రెండో స్త్రీకి ఏమవుతుందో ఇది చెప్తుంది. మనకి తెలియనిదేం కాదు ఇది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల గొంతులు ఏ పెద్ద ప్రచురణకర్త దయ కోసమూ ఆగలేదు. ఆ పుస్తకానికి కాపీకి ఎంత మిగిలిందని మనం ఏనాడైనా అడిగామా?

లెక్క వేయడం ఒక తప్పు. శీలపరీక్ష పెట్టడం ఇంకో తప్పు. స్త్రీలనీ పురుషులనీ కూడా ప్రేమించానని దాచుకోకుండా పాడిన ఆని, 1998లో తన సౌండ్ ఇంజనీరుని పెళ్ళిచేసుకుంది. అభిమానుల్లో కొంతమంది ద్రోహం జరిగినట్టు బాధపడ్డారు. మనల్ని వదిలేసి అటు వెళ్ళిపోయిందన్నారు. నాకు మన సభలు గుర్తొచ్చాయి. ఎవరు బొట్టు పెట్టుకున్నారు, ఎవరు తీసేశారు, ఎవరు భర్త ఇంటిపేరుతో రాస్తున్నారు అని గుసగుసలాడుకున్న మధ్యాహ్నాలు. మొగుళ్ళ దగ్గర అనుమానం నేర్చుకుని వచ్చి ఒకళ్ళ మీద ఒకళ్ళం ప్రయోగించుకున్నాం. దీని గురించి ఇంతకంటే రాయను, అందరికీ తెలిసిన కథే.

అయితే ఆనిని నిలదీయాల్సిన చోటు ఒకటుంది. అక్కడ మాత్రం ఆమె అభిమానులు చాలామంది నిలదీయకపోగా వెనకేసుకొచ్చారు. 2013 డిసెంబర్‌లో ఆమె ఒక పాటల శిక్షణ శిబిరం ప్రకటించింది. చోటు లూసియానాలోని నాటోవే ప్లాంటేషన్. 1860 నాటికి 155 మంది నల్లజాతి బానిసలు చాకిరీ చేసిన చెరకు తోట అది. ఆ తెల్ల స్తంభాల బంగళా తర్వాత విడిది హోటలైంది. నల్లజాతి స్త్రీలు మండిపడ్డారు. న్యాయం పేరుతో పాడే మనిషివి, మా వాళ్ళ నెత్తురు ఇంకిన చోట పాటలు రాయడానికి రమ్మంటావా అన్నారు. ఆని శిబిరం రద్దుచేసింది. కానీ రద్దుచేస్తూ రాసిన ప్రకటనలో క్షమాపణ లేదు. సంజాయిషీ ఉంది, ఇంత ద్వేషం ఎందుకన్న నిష్ఠూరం ఉంది. దాంతో ఇంకా మంట లేచింది. కొద్దిరోజుల తర్వాత, 2014 జనవరి మొదట్లో, రెండోసారి సూటిగా క్షమాపణ చెప్పింది.

ఆమె పాటల్ని పాతికేళ్ళుగా వింటున్నదాన్ని, ఆ మొదటి ప్రకటనని సమర్థించలేను. కంపెనీ నుంచి స్వతంత్రం కావడం ఒకటి. తన తెల్లతనం నుంచి ఎవరూ అలా సంతకం పెట్టకుండా తప్పించుకోలేరు. మన దగ్గర ఈ పాఠం ఇంకా కఠినంగా వచ్చింది. స్త్రీలందరిదీ ఒకే బాధ అని రాసుకున్నవాళ్ళం మనం. ఆ 'అందరి'లో మేము ఎక్కడున్నామని దళిత రచయిత్రులు అడిగినప్పుడు మనలో చాలామంది మొదట రాసింది ఆని మొదటి ప్రకటనలాంటిదే. ఐక్యత చెడగొడుతున్నారన్నాం, ఎందుకింత కోపం అన్నాం. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' చేతికొచ్చాక కూడా ఆ రెండో ప్రకటన రాయనివాళ్ళు ఉన్నారు. నేనూ చాలా ఆలస్యంగా రాశాను. నాటోవే బంగళా 2025 మేలో కాలిపోయింది. బూడిదైతే లెక్క తేలిపోతుందా?

ఇంకొక్క మాట. ఇప్పుడు ప్రతి అమ్మాయినీ 'స్వతంత్రంగా ఉండు, నీ పాట నువ్వే పెట్టుకో, నీ పుస్తకం నువ్వే వేసుకో' అంటున్నారు. మొన్నొక యువ కవయిత్రి నాతో అంది, 'నాకు స్వతంత్రం వద్దు మేడం, రాయల్టీ ఇచ్చే ప్రచురణకర్త కావాలి' అని. ఆమె మాట నన్ను ఆలోచనలో పడేసింది. ఆనిది వద్దనడం. ఎదురుగా కాగితం పెడితే సంతకం చెయ్యననడం. పైగా అప్పుడు అమ్మడానికి చేతిలో క్యాసెట్ ఉంది, అది కొనేవాళ్ళున్నారు, స్త్రీల పాటల్ని ఊళ్ళకి చేర్చే గోల్డెన్‌రాడ్, లేడీస్లిప్పర్ లాంటి స్త్రీల పంపిణీ సంస్థలున్నాయి. ఇప్పటి అమ్మాయికి కాదనడానికి ఎవరూ ఏమీ ఇవ్వడం లేదు. స్పాటిఫై అయితే 2024 నుంచి, ఏడాదిలో వెయ్యిసార్లకన్నా తక్కువ విన్న పాటకి డబ్బే ఇవ్వడం లేదు. రాయడం, పాడడం, రికార్డింగ్, ప్రచారం, పార్శిల్ కట్టడం అన్నీ ఆమే చేసుకోవాలి, దానికి స్వతంత్రం అని పేరు. ఇంటిచాకిరీకి గృహలక్ష్మి అని పేరు పెట్టినవాళ్ళే దీనికీ ఈ పేరు పెట్టి ఉంటారు.

పోయిన నెల ఆ సదస్సు అమ్మాయి ఫోన్ చేసింది. పత్రాలన్నీ పుస్తకంగా వేస్తున్నారట. 'లెక్కల పట్టిక తీసేయమంటారా మేడం?' అంది. వద్దన్నాను. దాని పక్కన 'లాస్ట్ ఉమన్ సాంగ్' గురించి రాయమన్నాను, నాటోవే గురించి, ఆ 155 మంది గురించి రాయమన్నాను. 'ఎనిమిది పేజీలకి మించకూడదన్నారు మేడం' అంది. ఆ పుస్తకం సంపాదకవర్గంలో నా పేరూ ఉంది. ఆ నిబంధన మేమే పెట్టాం.