ఫోమ్ కాదు, ముందు చాచాని అడగండి

నయాపూల్‌లో మా ఫ్లాట్ గోడకి ఇటు నా ఎలక్ట్రిక్ గిటార్, అటు నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే చాచా. స్టూడియోకి డబ్బుల్లేని మనలాంటి వాళ్లకి ఇల్లే స్టూడియో. అందుకే చెప్తున్నా: గోడకి ఫోమ్ అంటిస్తే పక్కింటికి శబ్దం ఆగదు. అది గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, అంతే. శబ్దాన్ని ఆపాలంటే గోడ బరువుగా ఉండాలి, తలుపు సందులు మూయాలి. బేస్ అయితే స్లాబ్ పట్టుకుని పాకిపోతుంది. అద్దె ఇంట్లో గోడలు మార్చలేం కదా!

కాబట్టి శబ్దాన్ని పుట్టేచోటే తగ్గించాలి. గిటార్‌ని ఆంప్‌కి కాకుండా ఆడియో ఇంటర్‌ఫేస్‌కి కలిపి హెడ్‌ఫోన్స్‌లో వినండి. పాడేటప్పుడు డైనమిక్ మైక్ నోటికి దగ్గరగా పెట్టుకుంటే గొంతు చించుకోనక్కర్లేదు, వీధిలో హారన్లూ తక్కువ పడతాయి.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ అంటాయి. మరి పగలే రాత్రి అయిన చాచా సంగతి? నేనే వెళ్లి అడిగాను. "సాయంత్రం ఐదు దాటాక పాడుకో బేటా" అన్నారు. నా రికార్డింగ్ టైమ్‌టేబుల్ అదే. చట్టం దాకా వెళ్లకుండా తేలిపోయే విషయం ఇది. మీరూ ఒకసారి పక్కింటి తలుపు తట్టండి.