బండి కూడా సేద్యపు పనిముట్టే



మద్దతు ధర, కాలవల పూడిక, కౌలు కార్డులు, కొబ్బరి ధర. ఈ పత్రికలో నెలనెలా మనం మాట్లాడుకునే సంగతులివి. ఈసారి మోటారు సైకిలు గురించి రాస్తున్నాం. ఇది రైతు సమస్య ఎలా అయిందని కొందరు అడగొచ్చు. మన ఊళ్లలో ఏ రైతు ఇంటి ముందైనా ఒకసారి చూడండి. ఎడ్లు కట్టిన చోట ఇప్పుడు ఎక్సెల్ బండి ఉంటుంది. చేలోకి ఎరువు బస్తా మోసేది అదే. గడ్డిమోపు తెచ్చేది అదే. అంబాజీపేటలో కాయ ధర కనుక్కోవడానికైనా, అమలాపురంలో బ్యాంకుకైనా తీసుకెళ్లేది అదే. అది ఒక్కరోజు మూలపడితే సేద్యం ఆగిపోతుంది. కాబట్టి బండి కూడా పనిముట్టే. దాని మీద రైతు పడితే అది పనిలో జరిగిన ప్రమాదమే.

ఆ బండి నడుపుతున్నది ఎవరు? కొడుకులు హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. ఇన్నాళ్లూ వెనక కూర్చున్న తండ్రి, యాభై ఎనిమిదేళ్ల వయసులో, కొడుకు వదిలి వెళ్లిన బండి హ్యాండిల్ పట్టుకుంటున్నాడు. వయసులో ఉండగా బుల్లెట్టో, చేతి గేర్ల చేతక్ స్కూటరో నడిపిన ధైర్యం ఆయనకుంది. కానీ అప్పటి బండి వేరు, ఇప్పటి బండి వేరు. పాత బుల్లెట్టుకి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర ఉండేవి. ఇప్పుడు అన్ని మోటారు సైకిళ్లకీ బ్రేకు కుడికాలికే. కంగారులో కాలు పాత అలవాటు ప్రకారమే పోతుంది. ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉన్న బండిని తడి రోడ్డు మీద ఒక్కసారి గట్టిగా పడితే చక్రం జారుతుంది. ఆ భయంతో కొందరు ముందు బ్రేకు అసలే ముట్టుకోరు. అది ఇంకా ప్రమాదం. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి బిగించడం నేర్చుకోవాలి.

ఒక చిన్న లెక్క చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. అడ్డం వచ్చిన గేదెను కన్ను చూసి, చెయ్యి బ్రేకు మీదికి వెళ్లేలోపు ఒక సెకను పోతే బండి 11 మీటర్లు పోయినట్టే. వయసు పెరిగేకొద్దీ ఆ సెకను సాగుతుంది. కంట్లో శుక్లం ఉంటే రాత్రి ఎదురు లైటు చెదిరిపోయి రోడ్డు అంచు కనపడదు. మన రోడ్డు అంచు అంటే ఏమిటో తెలుసుగా? కాలవ. పూర్వం బండిలో రైతు కునికినా ఎడ్లు కాలవ గట్టు చూసుకుని ఇంటికి చేర్చేవి. మోటారు సైకిలుకి ఆ జ్ఞానం లేదు. దాళ్వాలో వంతు నీటి కోసం అర్ధరాత్రి చేలోకి వెళ్లేవాళ్లూ, రొయ్యల చెరువు దగ్గర ఏరేటర్లు చూడ్డానికి పరుగెత్తేవాళ్లూ ఈ సంగతి ముందు ఆలోచించాలి. శుక్లం ఆపరేషన్ వాయిదా వేసుకుని రాత్రిపూట బండి తీయడం మంచిది కాదు.

హెల్మెట్ అనగానే ఉక్క అంటారు, చెవులు వినపడవంటారు, కండువా చుట్టాం చాలంటారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మందని కేంద్రమే లెక్క చెప్పింది. 2021 సెప్టెంబరులో హైదరాబాదు కేబుల్ బ్రిడ్జి దగ్గర సినిమా నటుడు సాయి ధరమ్ తేజ్ బండి రోడ్డు మీద ఇసుకకు జారింది. హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది. మన ఏటిగట్ల మీద ఇసుక ట్రాక్టర్లు రాల్చిన ఇసుక ఎంత ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. వెనక కూర్చున్న ఇల్లాలికీ హెల్మెట్ ఉండాలని చట్టమే చెబుతోంది. చీర చక్రంలో పడకుండా వెనక గార్డు కూడా ఉండాలి.

ఇక ఎక్కువమందికి తెలియని సంగతి. యాభై అయిదు దాటాక లైసెన్సును ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి. డాక్టరు సర్టిఫికెట్ కావాలి. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ పరీక్షకు వెళ్లాలి. బండి బీమాతో పాటు యజమానికి 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అది బండి ఎవరి పేరున ఉందో వారికే, అదీ చెల్లే లైసెన్సు ఉంటేనే. కొడుకు పేరున ఉన్న బండి మీద తండ్రి పోతే ఆ 15 లక్షలు రావు. కర్ణాటకలో ఒకాయన ఎరువు తెచ్చుకున్న మోటారు సైకిలు మీద వెళ్తూ, ముందున్న ఎడ్లబండిని గుద్దుకుని చనిపోయాడు. బండి ఎరువు తీసుకున్నవాడు యజమాని స్థానంలో ఉన్నట్టేననీ, తప్పు ఎవరిదని చూడకుండా పరిహారం ఇచ్చే సెక్షన్ కింద అతని కుటుంబం అడగలేదనీ 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి తండ్రి నడిపే బండి తండ్రి పేరుకు మార్చండి. బండితో సంబంధం లేకుండా, బ్యాంకు ఖాతా ఉన్న ప్రతి ఒక్కరూ 70 ఏళ్ల వరకు ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరొచ్చు. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. మీ ఖాతాలో అది కోత పడుతోందో లేదో ఈ వారమే పాసుపుస్తకం చూసుకోండి.

అయితే తప్పంతా రైతు నెత్తిన వేస్తే ఊరుకోం. రోడ్డు మీద ధాన్యం ఎందుకు ఆరబోస్తున్నాం? కళ్లాలు లేక. తేమ శాతం పేరు చెప్పి కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపుతారన్న భయంతో. ఆ ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రి కనపడక గుద్దుకునేవాడూ రైతే. కాలవ గట్టు మలుపుల్లో గోడ లేదు, మెరిసే గుర్తు లేదు. లైసెన్సు కోసం రైతు ఒక రోజు పని మానుకుని తిరగాలి. అవి సరిచేయాల్సింది ప్రభుత్వం. ఫైన్లు రాయడంలో చూపే చురుకు ఇక్కడా చూపాలి.

అందుకే మన డిమాండ్లు ఇవి. ఊరూరా ధాన్యం ఆరబెట్టుకునే సిమెంటు కళ్లాలు కట్టాలి. ప్రతి కాలవ మలుపులో రక్షణ గోడ, మెరిసే గుర్తులు పెట్టాలి. మండలానికి ఒక లైసెన్సు మేళా పెట్టి కంటి పరీక్ష అక్కడే చేయాలి. ట్రాక్టరు, ట్రక్కుల వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు లేకుండా రోడ్డెక్కనివ్వకూడదు.

మన వంతు పనీ ఉంది. ఊళ్లో బడి ఆటస్థలం ఖాళీగా ఉన్న ఆదివారం పొద్దున, నలుగురు రైతులు, బండి బాగా వచ్చిన ఒక కుర్రాడు చాలు. మెల్లగా ఎనిమిది అంకె తిప్పడం, బస్తా కట్టిన బండిని ఆపడం, రెండు బ్రేకులు కలిపి పట్టడం సాధన చేయండి. యాభై ఏళ్లు దాటి మళ్లీ నేర్చుకోవడంలో నామోషీ ఏమీ లేదు. కొత్త విత్తనం వస్తే అడిగి తెలుసుకోవడం లేదా?

దారిలో ఎవరైనా పడి ఉంటే ఆగండి. ఆసుపత్రికి చేర్చినవాళ్లను కేసుల్లో ఇరికించకూడదని 2019 సవరణతో చట్టంలోకి వచ్చింది. 2025 మే నుంచి కేంద్ర పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు కట్టకుండా వైద్యం పొందే హక్కు బాధితుడికి ఉంది. ఆసుపత్రిలో ఆ మాట గట్టిగా అడగండి.

అప్పులోనో, వరదలోనో మునిగిన రైతును నిలబెట్టడానికి సంఘం కట్టుకున్నాం. ఆ రైతును కాలవ మలుపులో పోగొట్టుకోవడానికి కాదు. వచ్చే నెల గ్రామ సమావేశాల్లో ఈ సంగతి మొదటి అంశంగా పెట్టండి. వచ్చేటప్పుడు హెల్మెట్ పెట్టుకుని రండి.