ఉప్పు కలపడం తేలిక, తియ్యడం కష్టం

పొలంలోకి ఉప్పునీరు చేరితే వదిలించడం ఎంత కష్టమో నాగాయలంక రైతునడగండి. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. నీరు తీసింది గాని, ఉప్పు నేలలో మిగిలింది. రసాయన కర్మాగారాల్లోనూ ఇటువంటి చిక్కే ఉంది.

విద్యుత్తుతో ఒక కర్బన పదార్థాన్ని మరొకటిగా మార్చవచ్చు. కాని చాలా కర్బన ద్రవాల గుండా విద్యుత్తు సరిగా ప్రవహించదు. అందుకని వాటిలో ఏదో ఒక లవణం కలుపుతారు. పని అయ్యాక దాన్ని వేరుచెయ్యాలి. అది ఖర్చు, పైగా ఉప్పు మురుగు మిగులుతుంది.

దీనికొక ఉపాయముంది. లవణానికి బదులు నేఫియాన్ వంటి పల్చని పాలిమర్ పొర వాడటం! పొరకు రెండు వైపులా సన్నని రంధ్రాలున్న ఎలక్ట్రోడులు అతికిస్తారు. ఒకవైపు నీరు విడిపోయి ఆక్సిజన్, ప్రోటాన్లు పుడతాయి. ప్రోటాన్లు పొరను దాటి, అవతల ఎలక్ట్రాన్లను అందుకొని, హైడ్రోజన్‌గా కర్బన పదార్థంలో చేరతాయి. లవణం కలపలేదు గనుక తియ్యవలసిన పనే లేదన్నమాట. జపాన్‌లో ఒగుమి బృందం 1981లోనే ద్విబంధాలకు ఇలా హైడ్రోజన్‌ను చేర్చి చూపింది.

పొర ఖరీదైనదే. అందులో ఫ్లోరిన్ ఉంది. పారేస్తే మట్టిలో కలిసిపోదు. వాడే విద్యుత్తు బొగ్గుదైతే పొగ మరోచోట లేస్తుంది. అయినా, మురుగును శుద్ధిచెయ్యడం కన్నా మురుగు పుట్టనివ్వకపోవడమే మేలని నా అభిప్రాయం.

కారైకుడిలో 1953 నుంచి కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ పనిచేస్తోంది. హైదరాబాదు, విశాఖల చుట్టూ మందుల కర్మాగారాలున్నాయి. ఈ రెంటికీ పొత్తు కుదరాలి.

రేపు రసాయనశాస్త్రం చదవబోయే మీరు, "సరుకెంత వచ్చింది?" అని మాత్రమే కాదు, "వెనక ఏం మిగిలింది?" అని కూడా అడగండి.